సరళ రైలెక్కాక ఏమైంది?

నలభై మంది ముందు మైకు పట్టుకుని, లేజర్ పాయింటర్‌తో చూపించి మరీ సొంత పరువు తీసుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? మామూలుగా మన పరువు ఇంకొకళ్లు తీస్తారు. నేను ఆ శ్రమ ఎవరికీ ఇవ్వలేదు. హాలు బుక్ చేయించి, సమోసాలు తెప్పించి, నాలుగు పేజీల ఉపన్యాసం రాసుకుని, వెనక వరసలో వాళ్లకి కూడా వినిపిస్తోందా అని కనుక్కుని, అప్పుడు తీసుకున్నాను.

ఇది జరిగి ఐదేళ్లయింది. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. జెర్సీ సిటీలో ఒక టవర్‌లో పదిహేడో అంతస్తులో ఇద్దరు రూమ్మేట్లతో ఉండేవాణ్ణి. ఒకడు ఎప్పుడూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉండేవాడు, రెండోవాడు ఎప్పుడూ ఇండియాలో ఉన్న ఫియాన్సీతో ఫోన్‌లో ఉండేవాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా మాన్‌హాటన్‌కి రైలు, ఆఫీసు, మళ్లీ రైలు. శనివారం నాడు నాతో నోరు విప్పి మాట్లాడే మనిషెవరైనా ఉంటే, వాడు లాండ్రీ రూమ్‌లో "ఆ డ్రయర్ ఖాళీయేనా?" అని అడిగేవాడే. దాపరికమెందుకు, చాలా ఒంటరిగా ఉండేది.

అలాంటి రోజుల్లో మా ఆఫీసు సీనియర్ పద్మజక్క నన్ను ఎడిసన్‌లో వాళ్లింటికి పిలిచింది. గుంటూరు మనిషి, చేతి వంట, నోటి మాట రెండూ కారంగానే ఉంటాయి. ప్రతి నెలా మొదటి శనివారం వాళ్లింట్లో పదిమంది స్నేహితులు చేరేవారు. ఆ కూటమి పేరు "పాతొకటి కొత్తొకటి". నెలకొకరు చొప్పున రెండు సినిమాలు చెప్పాలి. ఒకటి ఈమధ్య వచ్చింది, రెండోది ఎనభైల్లో వచ్చి ఎవరూ పట్టించుకోకుండా పోయింది. కొత్తది ఎవరికి వీలైనప్పుడు వాళ్లు చూసుకుని రావాలి. పాతది అందరూ కలిసి చూడాలి. తర్వాత గోంగూర పప్పు, పులిహోర, పోట్లాట. నియమం ఒక్కటే: సినిమా చెప్పేవాళ్లు అది ముందే, పూర్తిగా చూసి ఉండాలి. ఈ నియమం కాస్త గుర్తుపెట్టుకోండి, మున్ముందు నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

నేను పుట్టింది తొంభైల్లో. ఎనభైల సినిమాల గురించి నాకు తెలిసిందల్లా పాటల్లో బిందెలు ఎక్కువుంటాయని. కానీ మొదటి శనివారమే రెండో వాయి గోంగూర పప్పు కలుపుకుంటూ, "మా అమ్మమ్మ నన్ను చంకనేసుకుని రాజమండ్రిలో పాత సినిమాలన్నీ చూపించేదండీ" అనేశాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. మళ్లీ పిలవాలన్న ఆశ అయి ఉంటుంది. అందరూ నమ్మారు. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం కదా, ఆ పూట నుంచి ఎనభైల విషయంలో నేనే ఆ ఆముదం చెట్టుని.

నమ్మనివాడు ఒక్కడే, కిరణ్. కరీంనగర్ వాడు, నా ఈడువాడే. కొత్త సినిమా గురువారం ప్రీమియర్ చూడకపోతే శుక్రవారం వాడికి జ్వరం వస్తుంది.

"బ్రో, నీ ఫేవరెట్ ఏది ఎయిటీస్‌ల?" అని అడిగాడు.

"ఒకటని ఎలా చెప్తాం కిరణ్? అదొక సముద్రం" అన్నాను. ఆ సముద్రంలో నేను కాలి బొటనవేలు కూడా తడపలేదు.

నాలుగు నెలల తర్వాత నా వంతు వచ్చింది. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటుంటే పద్మజక్కే దారి చూపించింది. "డేవిడ్ రత్నం అంకుల్ దగ్గరికెళ్లు. ఆయన దగ్గర లేని పాత సినిమా ఉండదు" అంది. అంకుల్‌ది భీమవరం. ఒకప్పుడు ఎడిసన్‌లోనే ఓక్ ట్రీ రోడ్డులో కిరాణా కొట్టు నడిపారు. ముందు గదిలో కందిపప్పు, వెనక గదిలో అద్దెకిచ్చే వీడియో క్యాసెట్లు. కొట్టు మూసేశాక క్యాసెట్లు బేస్‌మెంట్‌కి చేరాయి. వాళ్లబ్బాయి ఓపిగ్గా అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అంకుల్ వాటిలో కొన్ని పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చారు.

"ఏది ఎలా ఉందో నాకు తెలీదు బాబూ. కొన్నిటికి పేర్లు కూడా లేవు. నువ్వే చూసుకో" అన్నారు.

నేను పేరు లేనిదాన్నే ఎంచుకున్నాను. మొదట్లో టైటిల్స్ కూడా చెరిగిపోయాయి. పేరే లేని సినిమాని ఇంకెవరు చూసి ఉంటారు? చూశారా నా తెలివి!

ఆఫీసుకి వెళ్తూ వస్తూ రైల్లో, రోజుకి కొంచెం చొప్పున మొదటి సగం చూశాను. నిజం చెప్పాలంటే ప్రాణం పెట్టి చూశాను. సరళ అనే టీచరు సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరికి బదిలీ మీద వస్తుంది. బుగ్గ మీద పుట్టుమచ్చ, వీపున బారెడు జడ. పిల్లల్ని బడి మాన్పించి పనిలో పెట్టుకునే ఐసు ఫ్యాక్టరీ ఓనరుతో ఒంటిచేత్తో తలపడుతుంది. చివరికి ఒక ఉత్తరం పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా రైలెక్కుతుంది. సరిగ్గా అప్పుడే నేను దిగాల్సిన స్టేషన్ వచ్చింది. సరళ ఎక్కిన రైలు గురించి ఆలోచిస్తూ నా రైలు దిగాను. ఆ రోజు మీటింగుల్లో ఏం మాట్లాడారో నాకు తెలియదు.

సాయంత్రం తిరుగు రైల్లో మిగతా సగం పెట్టి, ఇంటికొచ్చాక పూర్తి చేశాను. తెర మీద మూడు సెకన్లు తెల్లటి చుక్కలు గోలగోలగా కదిలాయి. తర్వాత సముద్రం లేదు, అడవి ఉంది. ఐసు ఫ్యాక్టరీ లేదు, టీ ఎస్టేట్ ఉంది. సరళ లేదు, పొట్టి జుట్టుతో ఒక లేడీ ఇన్‌స్పెక్టర్ ఉంది. హీరోకి కొత్తగా మీసం, ఆ మీసం వెనక కొత్త మనిషి. మామూలు బుద్ధి ఉన్నవాడైతే ఏమనుకుంటాడు? నేను కూడా అదే అనుకునేవాణ్ణి. కానీ ఆ కాలంలో కమెడియన్ ఒక్కడే అన్ని సినిమాల్లోనూ ఉండేవాడట. మొదటి సగంలో ఐసు ఫ్యాక్టరీ గుమాస్తాగా వేసినాయన రెండో సగంలో ఎస్టేట్ వంటవాడిగా ప్రత్యక్షమయ్యాడు. నా కొంప ముంచింది ఆయనే.

"ఆహా!" అనుకున్నాను. "మనుషులంతా మారిపోయినా మనస్సాక్షి మారలేదని చెప్తున్నాడు దర్శకుడు!"

ఆఖర్న ఇన్‌స్పెక్టర్ ఎస్టేట్ ఓనరు మీదికి తుపాకీ ఎత్తింది. అంతే, ఆగిపోయింది. పేలిందో లేదో తెలియదు, శుభం కార్డు లేదు. ఓపెన్ ఎండింగ్, అదీ ఎనభైల్లో!

అది అవగానే వాట్సాప్ గ్రూపులో వ్యాసం పెట్టాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు గాని, నాకైతే సోమలింగానికి కాలేజీ సీటు కూడా వచ్చేసింది. "సరళ మొహం మార్చడం ద్వారా సమాజం స్త్రీని ఎలా తుడిచేస్తుందో చూపించాడు. ఐసు ఓనరు, ఎస్టేట్ ఓనరు ఒకే దురాశకి రెండు చొక్కాలు. ఈ నెల రిలీజైన కొత్త సినిమా ఏదైనా సరే, దీని ముందు దిగదుడుపే" అని రాశాను. రాసి, మళ్లీ చదువుకుని, నన్ను నేనే మెచ్చుకున్నాను.

కిరణ్ ఫోన్ చేశాడు. "బ్రో, ఒక డౌట్. ఇంటర్వెల్ అయినంక హీరో వేరే, హీరోయిన్ వేరే, ఊరు వేరే. గట్లయితే అది వేరే సినిమా గాదా?"

"కిరణ్, నీకు ఫైటు, పాట, పంచ్ డైలాగు తప్ప ఇంకేదీ ఎక్కదు. అది ప్రతీక."

"ప్రతీక ఎవరు? సెకండ్ హీరోయినా?"

జాలిపడి ఫోన్ పెట్టేశాను. నవ్విన నాపచేనే పండుతుందన్న మాట ఆ క్షణంలో గుర్తుకొచ్చి ఉంటే ఎంత బాగుండేది!

పద్మజక్క మాత్రం నా వ్యాసానికి పడిపోయింది. "ఇంత మంచి సినిమా మనం పదిమందిమే చూడ్డమేంటి సుధాకర్? లైబ్రరీలో కమ్యూనిటీ రూమ్ బుక్ చేస్తాను. అందరినీ పిలుద్దాం. నువ్వే ప్రెజెంట్ చేయి" అంది. శనివారం మధ్యాహ్నం నలభై మంది వచ్చారు. ముందు వరసలో డేవిడ్ రత్నం అంకుల్, చర్చిలో క్వయర్ పాటల ప్రాక్టీస్ ముగించుకుని నేరుగా వచ్చిన ఆయన భార్య కరుణమ్మ ఆంటీ. పక్కన పద్మజక్క కూతురు రమ్య, పదహారేళ్ల పిల్ల, అమెరికాలోనే పుట్టి పెరిగింది. నేను కుర్తా వేసుకుని వెళ్లాను. మేధావి అన్నాక కుర్తా ఉండాలి కదా.

మైకు అందుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేది చదివేటప్పుడు దయచేసి నా మొహం ఊహించుకోకండి.

"ఈ సినిమా మొదటిసారి ఎనిమిదేళ్లప్పుడు, మా అమ్మమ్మతో కలిసి రాజమండ్రిలో థియేటర్లో చూశాను. ఇంటర్వెల్ తర్వాత హీరోయిన్ మారగానే హాలంతా నిశ్శబ్దం. మా అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని, 'చూశావా నాన్నా, లోకం ఆడదాని మొహాన్నే మార్చేస్తుంది' అంది."

చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది.

సినిమా మొదలైన ఐదు నిమిషాలకి కరుణమ్మ ఆంటీ కుర్చీలోంచి సగం లేచారు. "ఏవండీ! ఇది సరళ సినిమా కదూ!"

"అలాగే ఉంది" అన్నారు అంకుల్. గొంతు ఎందుకో పీలగా వచ్చింది.

"బాబూ సుధాకర్, ఇది నా సినిమా నాయనా! ముప్ఫై ఏళ్ల కిందట ఇంటర్వెల్ దాకా చూశాను. చంటోడు ఏడిస్తే ఆపేసి లేచాను. మర్నాడు మిగతాది చూద్దామంటే టేపు చెడిపోయిందన్నారు మీ అంకుల్. రైలెక్కిన పిల్ల ఏమైపోయిందో ఇన్నాళ్లకి చూస్తాను. ప్రభువుకి స్తోత్రం!"

అంకుల్ లేచారు. "కారు లాక్ చేశానో లేదో చూసొస్తాను."

"ఇందాకే రెండుసార్లు చూశారు. కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. నుదుటి మీద చెమట. పాత రోజులు గుర్తుకొచ్చి గుండె బరువెక్కిందేమో అనుకున్నాను, అమాయకుణ్ణి.

సరళ రైలెక్కింది. తెల్లటి చుక్కలు వచ్చాయి. నేను టక్కున సినిమా ఆపి, లేజర్ పాయింటర్ వెలిగించాను.

"ఈ మూడు సెకన్లు చూడండి! ఈ చుక్కలు ఉట్టి చుక్కలు కావు. ఒక స్త్రీ చెరిగిపోతున్న శబ్దం!"

మళ్లీ నడిపించాను. అడవి, ఎస్టేట్, ఇన్‌స్పెక్టర్.

"ఎవరీవిడ?" అన్నారు ఆంటీ.

"సరళే ఆంటీ."

"సరళకి పొట్టి జుట్టు ఎప్పుడొచ్చింది?"

"సమాజం కత్తిరించింది ఆంటీ."

"మరి బుగ్గ మీద పుట్టుమచ్చ?"

"అది కూడా... సమాజమే ఆంటీ."

ఆంటీ నన్ను వదిలేసి నెమ్మదిగా అంకుల్ వైపు తిరిగారు. "ఏవండీ, ఈ ఎస్టేట్ సినిమా మనింట్లో చూశాం కదూ? మీ ఫ్రెండెవరో ఒక్క రోజుకి ఇచ్చాడని రెండు వీసీఆర్‌లు కలిపి రికార్డు చేశారే, అదే కదూ?"

హాలంతా చెవులు రిక్కించింది. అంకుల్ తల దించుకున్నారు. "ఖాళీ టేపు లేదు కరుణా. వీసీఆర్‌లో ఏదో ఉంటే దాని మీదే ఎక్కించాను. వెనక్కి తిప్పాలని తోచలేదు. టేపు వేస్టవుతుందని టైటిల్స్ అయిపోయాక బటన్ నొక్కాను. అయినా చివర్లో చాల్లేదు."

నా ఓపెన్ ఎండింగ్ అదన్నమాట.

"ముప్ఫై ఏళ్లు!" అన్నారు ఆంటీ. "ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటారు. ఈ పాపం ఒక్కటీ ఒప్పుకోవడానికి నోరు రాలేదా?"

జనం నవ్వు మొదలుపెట్టారు. నవ్వుతున్నది అంకుల్‌ని చూసి కదా, ఈ గోలలో నన్ను మర్చిపోతారని ఒక చిన్న ఆశ పుట్టింది. అప్పుడు రమ్య చెయ్యెత్తింది.

"సుధాకర్ అంకుల్, మీరు చెప్పారు కదా, గ్రాండ్‌మాతో థియేటర్‌లో చూశాను అని. దెన్ థియేటర్‌లో కూడా హీరోయిన్ చేంజ్ అయిందా?"

తానొకటి తలిస్తే టేపొకటి తలచింది. హాలు నిజంగానే నిశ్శబ్దమైంది, నా ఉపన్యాసంలో లాగే. అందరూ నా వైపే చూస్తున్నారు. కిరణ్ నవ్వలేదు, అది ఇంకా భయంగా అనిపించింది. బయటికి పరుగెత్తుదామనుకున్నాను. కానీ నేను వచ్చింది కిరణ్ కార్‌లో. అమెరికాలో అవమానం జరిగినా రైడ్ ఇచ్చినవాడు కదిలేదాకా కదలడానికి లేదు.

ఇక దాచి లాభం లేదు. మైకు ఇంకా చేతిలోనే ఉంది. "థియేటర్‌లో చూడలేదమ్మా. మొన్న రైల్లో చూశాను. మా అమ్మమ్మకి సినిమా హాలంటేనే తలనొప్పి, ఆవిడ గుడికి తప్ప ఎక్కడికీ వెళ్లేది కాదు. ఎనభైల సినిమాలు నాకేమీ తెలియవు. మీ ఇంటికి మళ్లీ పిలుస్తారో లేదో అని అలా చెప్పాను" అన్నాను. ఆ శనివారాలు పోతే నాకు మళ్లీ లాండ్రీ రూమే గతి అని అంతసేపూ భయపడుతూనే ఉన్నాను.

పద్మజక్క లేచి వచ్చి నా చేతిలో మైకు లాక్కుంది. ఇక అయిపోయింది అనుకున్నాను.

"ఓరి పిచ్చోడా, పప్పన్నం పెట్టడానికి నిన్ను సినిమా పరీక్ష పాసవ్వమన్నానా?" అంది. తర్వాత జనం వైపు తిరిగి, "పోయిన నెల నేను చెప్పిన పాత సినిమా చివరి అరగంట నేనూ చూడలేదు. నిద్రపోయాను. మీరెవ్వరూ కనిపెట్టలేదు, ఎందుకంటే మీరూ నిద్రపోయారు" అంది.

అప్పుడు పడింది నవ్వు. హాలు పైకప్పు ఎగిరిపోతుందేమో అన్నంత నవ్వు. అందరికంటే చివర ఆపింది డేవిడ్ రత్నం అంకుల్. పాపం, ముప్ఫై ఏళ్ల బరువు దిగిందాయనకి.

"బట్ వెయిట్," అంది రమ్య, "సరళ ఏమైంది?"

ఎవరికీ తెలియదు. అక్కణ్ణుంచి మొదలైంది అసలు సంబరం. సరళ ఆ ఉత్తరం కలెక్టరుకి ఇచ్చి ఫ్యాక్టరీ మూయించి ఉంటుందన్నారు ఆంటీ. పిల్లలందరినీ తీసుకుని వెనక్కొచ్చి ఫ్యాక్టరీ ముందు కూర్చుంటుందంది రమ్య. "హీరో ఫ్యాక్టరీల చొరబడి ఐసు గడ్డలతోనే ఫైట్ జేస్తడు, పక్కా" అన్నాడు కిరణ్. ఒకరి మాట మీద ఒకరు పడుతూ గంటసేపు వాదించుకున్నారు. నా ఉపన్యాసానికి మర్యాదగా తలలూపిన మనుషులే ఇప్పుడు కుర్చీలు దగ్గరికి లాక్కుని కొట్లాడుకుంటున్నారు. లైబ్రరీ ఆవిడ వచ్చి టైమ్ అయిందని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో కిరణ్ కారు హైవే ఎక్కించాడు. తర్వాత, "వర్జీనియాల, హెర్న్‌డన్‌ల మా బాబాయ్ ఉన్నడు. పాత టేపులు ఒక్కటి పారెయ్యడు. హాల్ల ఉన్నప్పుడే ఫోన్ జేసి కథ జెప్పి అడిగిన. సరళ సినిమా ఉందంట, ఫుల్లు. రేపు పొద్దున రెడీగుండు రా, పోదాం" అన్నాడు.

అప్పటిదాకా వాడు నన్ను బ్రో అనేవాడు. ఆ "రా" విని నాకు ఎంత హాయిగా అనిపించిందో మీకు చెప్పలేను. పరువు పోయి స్నేహితుడు వస్తే బేరం మంచిదే.

నాలుగున్నర గంటలు వెళ్లి, బాబాయ్ పెట్టిన సకినాలు తిని, నాలుగున్నర గంటలు వెనక్కి వచ్చాం. టేపుతో పాటు ఆయన వీసీఆర్ కూడా ఇచ్చాడు. దాన్ని వెనక సీట్లో పెట్టి సీట్‌బెల్ట్ వేశాం. మరుసటి శనివారం ఆంటీ వాళ్లింట్లో అందరం చేరాం. ఈసారి ఉపన్యాసం లేదు, కుర్తా లేదు. ఆంటీ కొత్త చీర కట్టుకుని టీవీకి ఎదురుగా కూర్చున్నారు. అంకుల్ ఎందుకైనా మంచిదని గుమ్మం దగ్గర కూర్చున్నారు.

సరళ రైలెక్కింది. ఈసారి తెల్లచుక్కలు రాలేదు. అందరం టీవీ దగ్గరికి జరిగాం.

రైలు దిగీ దిగగానే సరళ తల మీద ఐసు దిమ్మ పడింది. గతం మర్చిపోయింది. ఆ ఉత్తరం గాలికి ఎగిరి సముద్రంలో పడింది, అందులో ఏముందో చివరిదాకా ఎవరూ చెప్పలేదు. ఐసు ఫ్యాక్టరీ ఓనరు దేవుడిలాంటివాడట, చెడ్డవాడు అతని కవల తమ్ముడట. తర్వాత ఆరు పాటలు. ఆరింటిలోనూ బిందెలే. ఏడో పాట మొదలవుతుంటే కిరణ్ నా భుజం మీద తల పెట్టి, "నీ వ్యాసమే నయముండె రా" అని గొణిగాడు.

శుభం కార్డు పడింది. అందరం ఆంటీ మొహంకేసి చూస్తున్నాం. ముప్ఫై ఏళ్లు ఎదురుచూసిన మనిషి. ఆవిడ రిమోట్ బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుని, గుమ్మం వైపు తిరిగారు.

"ఏవండీ, మీరు ఎక్కించిందే బాగుంది."

అంకుల్ గుమ్మం దగ్గర్నుంచి లేచి వచ్చి సోఫాలో ఆవిడ పక్కన కూర్చున్నారు. కాలు మీద కాలు కూడా వేసుకున్నారు.

కాబట్టి పాఠక మహాశయులారా, ముక్కోటి దేవతల సాక్షిగా, అంకుల్ తరఫున ప్రభువు సాక్షిగా, ఎడిసన్ మిత్రబృందం సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట చూడని సినిమా చూశానని చెప్పను. హీరోయిన్ మొహం మారితే దర్శకుణ్ణి పొగిడే ముందు టేపుని అనుమానిస్తాను. చుక్కల్లో అర్థాలు వెతకను. అన్నిటికంటే ముఖ్యంగా, ముప్ఫై ఏళ్లుగా ఎవరైనా ఒక సినిమా ముగింపు కోసం ఎదురుచూస్తుంటే, ఛస్తే ఆ ముగింపు వెతికి తెచ్చి చూపించను.